పెరట్లో పందికొక్కులు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిలు, మెడికల్ బిల్లుల మధ్య పందికొక్కుల ప్రసక్తి ఏమిటని కొందరికి నవ్వు రావచ్చు. కానీ మనలో చాలామంది గ్రాట్యుటీ, పి.ఎఫ్. సొమ్ము పోసి కట్టుకున్న ఇళ్ళ పునాదుల పక్కనే ఇవి కలుగులు తవ్వుతున్నాయి. లాన్ కుంగడం, చేమదుంపలు మాయమవడం మొదటి దశ. ప్రహరీగోడ కింద మట్టి జారి గోడ బీటలు వారడం తరువాతి దశ. అన్నట్టు, మన 'పందికొక్కు' మాటే ఇంగ్లీషులోకి బాండికూట్‌గా వెళ్ళింది. భాషకు గౌరవమే గానీ, పెరటికి కాదు!

ముందు ఏ కలుగులో జీవి ఉందో తెలుసుకోవాలి. సాయంత్రం అన్నిటినీ మట్టితో మూసి, తెల్లవారి చూడండి. తెరుచుకున్నవే, కొత్త మట్టి కుప్ప పడినవే మనకు పనికొచ్చేవి. వాటి దగ్గర బోను పెట్టాలి. పందికొక్కుకు కొత్త వస్తువంటే అనుమానం. అందుచేత మొదటి రెండు మూడు రాత్రులు బోను తలుపు పడకుండా కట్టేసి, పకోడీయో, ఎండుచేపో, కాల్చిన కొబ్బరిముక్కో ఊరికే తిననివ్వండి. ఆ తరువాత తలుపు విప్పండి.

ఇక మందుల విషయం. దీన్ని కాస్త శ్రద్ధగా వినమని మనవి. ధాన్యం నిల్వకు వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలను ఎవరు తెచ్చి ఇచ్చినా ఇంటి దగ్గర వాడవద్దు. తేమ తగలగానే ఫాస్ఫీన్ అనే విషవాయువు పుడుతుంది. కలుగులో వేసినది గోడ పగుళ్ళగుండా పడకగదిలోకి రాగలదు. దానికి విరుగుడు లేదు. నల్లపొడిగా దొరికే జింక్ ఫాస్ఫైడ్‌కూ లేదు. ట్యూబుల్లో వచ్చే పసుపు భాస్వరం పేస్టును మనవలు పళ్ళపేస్టు అనుకునే ప్రమాదముంది. అది లోపలికి పోతే మొదట తేరుకున్నట్టే కనిపించి, కొన్ని రోజులకు కాలేయం దెబ్బతింటుంది.

తప్పనిసరైతే 0.005 శాతం బ్రోమడయోలోన్ ఎర నయం. రక్తం గడ్డకట్టనివ్వదు గనుక పందికొక్కు చావడానికి కొన్ని రోజులు పడుతుంది. మనుషులకు విరుగుడుగా విటమిన్ కె1 ఉంది. ఎరను కలుగు లోపలికి తోసి మూసెయ్యాలి గానీ పైన చల్లకూడదు. పొరపాటున ఎవరైనా తింటే ఆ పాకెట్టుతో సహా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. చచ్చినవాటిని కుక్కలు, పిల్లులు, గుడ్లగూబలు తినకుండా లోతుగా పూడ్చండి.

కలుగులో చెయ్యి పెట్టవద్దు. అందులో పాము చేరి ఉండవచ్చు. జెర్రిపోతు కనిపిస్తే కొట్టకండి, దానికి విషం లేదు, పైగా మన పని చేసిపెడుతుంది. వానాకాలంలో వట్టికాళ్ళతో పెరట్లో తిరగవద్దు. వీటి మూత్రం కలిసిన నీటి వల్ల లెప్టోస్పైరోసిస్ జ్వరం వస్తుంది. ఖాళీ అయిన కలుగుల్లో గాజు పెంకులు కలిపిన కాంక్రీటు దట్టించండి. తూము మూతికి ఇనుప జాలీ బిగించండి.

ఒక ఇంట్లో తరిమితే ఇవి పక్కింటికి చేరతాయి. కనుక వీధి మొత్తం ఒకే ఆదివారం సాయంత్రం కలుగులు మూసే పని పెట్టుకోవాలని కార్యవర్గానికి నా సూచన. బోనులు వీధికి రెండు కొంటే చాలు, వంతులవారీగా వాడుకోవచ్చు. సెలవు.