వస్తువు మంచిదే – మన ఇంటికి తగునా?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మాకిచ్చిన విషయం "గృహోపకరణాల ఎంపిక". పేరు పెద్దదిగానీ సంగతి మనందరి ఇళ్ళలోదే. ఏ కంపెనీ మంచిది, ఏ కంపెనీ చెడ్డది అని చెప్పడానికి మేము రాలేదు. ఆ మాట కోసమే వచ్చినవారెవరైనా ఉంటే వంటల దగ్గర సాయం చేయవచ్చు. దుకాణంలో పెట్టిన సామాను చాలా భాగం మంచిదే. ఆ మంచి సామాను మన ఇంటికి వచ్చాక ఎందుకు మూలపడుతుందన్నదే మా ప్రశ్న.

వాషింగ్ మిషనుతో మొదలుపెడదాం. ఆడపిల్ల పెళ్ళి కుదిరిందంటే చాలు, మంచం, బీరువా, ఫ్రిజ్, వాషింగ్ మిషను అని చీటీ రాసుకుంటున్నాం. తండ్రి అప్పో సప్పో చేసి, మీట నొక్కితే అన్నీ అదే చేసుకునే ఆటోమేటిక్ మిషను కొంటాడు. అది వెళ్ళిన ఇల్లు ఎలాంటిది? మునిసిపాలిటీ నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. మిద్దె మీద ట్యాంకు ఉండదు, ఉన్నా మిషనుకంటే నాలుగడుగుల ఎత్తులోనే ఉంటుంది. ఆ మిషనుకు గొట్టంలోనుంచి ఒత్తిడితో నీళ్ళు రావాలి. రాకపోతే అది కాసేపు ఎదురుచూసి, ముందుపక్క ఏవో ఇంగ్లీషు అక్షరాలు చూపించి, ఆగిపోతుంది. మెకానిక్ వస్తాడు, మిషను బాగానే ఉందంటాడు, వచ్చినందుకు డబ్బు పుచ్చుకుని పోతాడు. ఆరు నెలలయ్యేసరికి దాని మీద పరుపులూ, దుప్పట్లూ మడతపెట్టి ఉంటాయి. అమ్మాయి మళ్ళీ బండ దగ్గరే.

అదే ఇంటికి రెండు తొట్లుండే సెమీ ఆటోమేటిక్ మిషను ఇచ్చివుంటే బకెట్టుతో నీళ్ళు పోసుకుని ఉతుక్కునేది. ఉతికిన నీళ్ళు బాగుంటే రెండో విడత బట్టలకూ వాడుకోవచ్చు. ధర కూడా తక్కువ. కాకపోతే "మామూలుది ఇచ్చారు" అని ఎవరైనా అంటారేమోనని భయం. ఆ ఎవరైనా ఎవరో మనకు తెలుసు. అత్తగారు ఏమీ అనకపోయినా పక్కింటి ఖాలా అడుగుతుంది.

ఈ మాట ఇక్కడ కొంచెం గట్టిగానే చెప్పాలి. జహేజ్ కోసం కొనే సామాను విషయంలో కొనేవాడొకడు, వాడేది ఇంకొకరు, మెచ్చుకోవలసింది మూడోవారు. ఈ ముగ్గురూ కలిసి ఒక్కసారైనా మాట్లాడుకోరు. బీబీ ఫాతిమా గారికి పెళ్ళినాడు ఇచ్చిన సామాను హదీసు గ్రంథాలలో ఉంది: ఒక దుప్పటి, నీళ్ళ తిత్తి, గడ్డి నింపిన తోలు దిండు, తిరగలి, మట్టి కడవలు. మన ఉపన్యాసాలలో వీటిని నిరాడంబరతకు ఉదాహరణగా చెబుతారు, అది సరే. మేము ఇంకొకటి గమనించమంటున్నాము. వాటిలో వాడకుండా మూల పెట్టే వస్తువు ఒక్కటీ లేదు. ఆ ఇంట్లో తెల్లవారితే కావలసినవే అవన్నీ.

మన సంఘం కూడా పేదింటి పిల్లల పెళ్ళిళ్ళకు సామాను ఇస్తున్నది. కార్యవర్గానికి మా మనవి ఒక్కటే. సామాను కొనకముందు మన సోదరీమణులలో ఇద్దరు ఆ అమ్మాయితో పావుగంట కూర్చుని మాట్లాడాలి. వెళ్ళబోయే ఇంట్లో నీళ్ళెలా వస్తాయి, ఎన్ని గదులు, కరెంటు మీటరు ఎవరి పేర ఉంది, ఆమెకు ఏ పని వచ్చు అని అడగాలి. కుట్టుపని వచ్చిన పిల్లకు ఫ్రిజ్ కంటే మోటారు బిగించిన కుట్టుమిషను ఎక్కువ ఉపయోగం. కుట్టు రాని పిల్లకు ఆ మిషనూ దండగే. ఒకే జాబితాను అందరికీ ఇవ్వడం మనకు సులువు, అంతేతప్ప వాళ్ళకు మేలు కాదు.

ఇక నీళ్ళ సంగతి. ఈ మధ్య ఏ ఇంటికి వెళ్ళినా గోడకు ఆర్.ఓ. మిషను కనిపిస్తున్నది. అది నీళ్ళలో కరిగివున్న ఉప్పును తీసే యంత్రం. ఉప్పు లేని నీళ్ళకు దానితో పనిలేదు. నీళ్ళలో కరిగిన లవణాలను టి.డి.ఎస్. అంటారు. తాగే నీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా ఉండడం మంచిదని మన భారతీయ ప్రమాణాల సంస్థ లెక్క. వేరే నీళ్ళు దొరకని చోట 2000 దాకా ఒప్పుకుంటారు. కడప, రాయచోటి వైపు బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి, అక్కడ ఆ మిషను అవసరమే. ఫ్లోరైడు ఉన్న కనిగిరి, నల్లగొండ వైపు ఊళ్ళలో అయితే మరీ అవసరం. ఫ్లోరైడుకు రుచీ రంగూ లేవు, కాచినా పోదు. నది నీళ్ళు శుద్ధిచేసి ఇచ్చే పట్టణాలలో మాత్రం, టి.డి.ఎస్. రెండు మూడు వందలే ఉన్నచోట, క్రిములు చంపే యు.వి. దీపమున్న మిషను చాలు, లేదా కాచి వడపోస్తే చాలు. ఆర్.ఓ. పెట్టుకుంటే ఒక బిందె మంచినీళ్ళకు రెండు మూడు బిందెలు కాలువలో పోతాయి. ప్రవహించే ఏటి దగ్గర వుజూ చేస్తున్నా నీళ్ళు వృథా చేయవద్దని నేర్చుకున్నవాళ్ళం మనం. పోయే నీటిని పట్టి ఇల్లు తుడవడానికైనా వాడండి.

గల్ఫ్ నుంచి వచ్చే సామాను గురించి అడగమని చాలామంది తల్లులు చీటీలు పంపారు. మన పిల్లలు ఎక్కువగా ఉండేది కువైట్‌లో, సౌదీలో. ఈ రెండింటికీ తేడా ఉంది. కువైట్‌లో కరెంటు 240 వోల్టులు, 50 సైకిళ్ళు, మనదానికి దగ్గరే. అక్కడి మిక్సీ ఇక్కడ తిరుగుతుంది, ప్లగ్గు మాత్రం మార్చుకోవాలి. సౌదీలో 60 సైకిళ్ళు. పాత ఇళ్ళలో 127 వోల్టులు ఉండేది, 2010 తర్వాత నెమ్మదిగా 230కి మారుస్తూ వచ్చారు. 127 వోల్టుల వస్తువును మన గోడ ప్లగ్గులో పెడితే నిమిషంలో కాలిపోతుంది. వోల్టులు సరిపోయినా, 60 సైకిళ్ళకు చేసిన మోటారు ఇక్కడ నెమ్మదిగా తిరిగి వేడెక్కుతుంది. కాబట్టి పంపే కొడుక్కి ఫోనులో "నాయనా, వెనక రేకు మీద ఏమి రాసివుందో ఫొటో తీసి పంపు" అని చెప్పండి. 220–240 వోల్టులు, 50/60 సైకిళ్ళు అని రెండూ ఉంటే భయం లేదు. మోటారు లేని ఫోను ఛార్జర్లకు 100–240 అని ఉంటుంది, అవి ఎక్కడైనా పనిచేస్తాయి. ఇక వారంటీ: అక్కడి కాగితం ఇక్కడ చెల్లుతుందో లేదో మన ఊరి సర్వీసు సెంటరులో ముందే అడిగి తెలుసుకోవాలి. ఎండలో నిలబడి సంపాదించిన డబ్బు అది.

ఎర్తింగు గురించి రెండు మాటలు. మూడో పిన్ను బోర్డులో పట్టడం లేదని విరిచేసేవాళ్ళను చూస్తున్నాము. గీజరుకు, వాషింగ్ మిషనుకు, ఫ్రిజ్‌కు ఆ మూడో పిన్నే ప్రాణరక్ష. తడిచేత్తో ముట్టుకునే వస్తువులివి. అద్దె ఇల్లయినా సరే, గీజరు కొనే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్తింగు ఉందో లేదో చూపించండి. 30 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఆపేసే లీకేజీ బ్రేకరు ఒకటి పెట్టించండి. గీజరు ధరతో పోలిస్తే దాని ఖర్చు పెద్దది కాదు. ఇది లేకపోతే గీజరు వద్దనే మేము చెబుతాము.

ఇండక్షన్ పొయ్యి కొన్నవాళ్ళు ఇంటికి వచ్చాక తెలుసుకునే సంగతి ఒకటుంది. మన అల్యూమినియం దేగిసాలూ, రాగి పాత్రలూ దాని మీద వేడెక్కవు. అడుగున అయస్కాంతం అంటుకునే పాత్రలే కావాలి, అడుగు చదునుగా ఉండాలి. దుకాణానికి వెళ్ళేముందు ఒక చిన్న అయస్కాంతం ముక్క పట్టుకుని మీ వంటింట్లో పాత్రలన్నీ పరీక్షించండి. మూడే అంటుకుంటే పొయ్యి ధరకు కొత్త పాత్రల ధర కూడా కలుపుకోవాలి. ప్రెషర్ కుక్కరుకైతే ఐ.ఎస్.ఐ. గుర్తు 2021 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి. గుర్తు లేనిది ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

ఫ్రిజ్ విషయంలో మనవాళ్ళ లెక్క బక్రీదును బట్టి ఉంటుంది. మూడు రోజుల మాంసం కోసం ఏడాది పొడుగునా పెద్ద ఫ్రిజ్ నడుపుతున్నారు. మూడు భాగాల లెక్క తెలిసినవారికి అంత పెద్ద ఫ్రీజరు ఎందుకో మాకు అర్థం కాదు, ఆ మాట అలా ఉంచుదాం. నలుగురున్న ఇంటికి రెండు వందల లీటర్లకు అటూ ఇటూ సరిపోతుంది. తలుపు మీద నక్షత్రాల కాగితం ఉంటుంది. 2006లో మొదలైన పద్ధతి అది. అందరూ నక్షత్రాలే లెక్కపెడతారు. దాని మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో అంకె కూడా ఉంటుంది, చూడవలసింది దానినే. నక్షత్రాల కొలత ఎప్పటికప్పుడు బిగిస్తుంటారు కనుక పాత సంవత్సరపు అయిదు నక్షత్రాలు, కొత్త సంవత్సరపు అయిదు నక్షత్రాలు ఒకటి కావు. మిగతా వస్తువులకు లెక్క సులువు: వెయ్యి వాట్లు గంటసేపు నడిస్తే ఒక యూనిట్. 2000 వాట్ల గీజరు అరగంటకే ఒక యూనిట్ తింటుంది. 75 వాట్ల పాత ఫ్యానుకు అదే యూనిట్ పదమూడు గంటలు వస్తుంది, 30 వాట్ల కొత్త రకం ఫ్యానుకు ముప్ఫై మూడు గంటలు వస్తుంది. రాత్రింబవళ్ళు తిరిగే ఫ్యాను మార్చడమే చాలామంది ఇళ్ళలో ముందు చేయవలసిన ఖర్చు. అయితే అది నలుగురికీ చూపించుకునే వస్తువు కాదు కదా!

వాయిదాల మాట చెప్పి ముగిస్తాము. వడ్డీ గురించి దీన్ ఏమి చెబుతుందో ఉలమా చెబుతారు, మేము లెక్క మాత్రమే చెబుతాము. "వడ్డీ లేని వాయిదాలు" అని బోర్డు ఉంటుంది. నిజానికి వడ్డీ సున్నా అనేది లేనేలేదని 2013 సెప్టెంబరులోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు రాసింది. నగదు కొనేవాడికి ఇచ్చే తగ్గింపు మీకు ఇవ్వకపోవడమో, ప్రాసెసింగ్ ఫీజు పేరిట తీసుకోవడమో ఉంటుంది. దుకాణదారుని రెండు అంకెలు కాగితం మీద రాయమనండి: ఇప్పుడే నగదిస్తే ఎంత, వాయిదాలన్నీ ఫీజులతో కలిపితే ఎంత. తేడా ఎంతో మీకే కనబడుతుంది.

బిల్లు లేకుండా ఏదీ కొనవద్దు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరున్న జిల్లాలోనే ఫిర్యాదు చేసుకోవచ్చు, అయిదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. ఫోనులో 1915కు చెప్పుకోవచ్చు.

వచ్చే శుక్రవారం జుమా నమాజు తర్వాత సంఘం ఆఫీసు వరండాలో టి.డి.ఎస్. మీటరు, వోల్టు మీటరు పెట్టుకుని కూర్చుంటాము. శుభ్రంగా కడిగిన సీసాలో మీ ఇంటి నీళ్ళు తెచ్చినవారికి అక్కడికక్కడే చూసి చెబుతాము. ఫ్లోరైడు మాత్రం ఆ మీటరుతో తెలియదు, దానికి ప్రభుత్వ ప్రయోగశాలకు పంపాలి. అలా పంపవలసినవారు సీసా మీద వీధి పేరు, బోరో కుళాయో రాసి తీసుకురండి.