బొమ్మకు మొదటి ధర ఎంత పెట్టాలి?



ఆన్‌లైన్ వేలంలో మేం తొలిసారి డోక్రా ఏనుగును ఒక్క రూపాయికి మొదలుపెట్టాం. ధర తక్కువైతే జనం ఎగబడతారనుకున్నాం. పాట పాడింది ఇద్దరే. ఇత్తడి ఖర్చు కూడా రాకుండానే ఏనుగు వెళ్లిపోయింది.

ఇప్పుడు ముందే లెక్క రాస్తున్నాం. ఇత్తడి, తేనెమైనం, బొగ్గు, మన రోజుల కూలి, సైటు కమీషన్, కొరియర్ (ఇత్తడి బరువు కదా, అదేం తక్కువ కాదు!). ఆ మొత్తానికి తగ్గకుండా మొదటి ధర పెడుతున్నాం. ఎవరూ పాడకపోతే బొమ్మ మన దగ్గరే ఉంటుంది, మళ్లీ పెట్టొచ్చు.

మైనం కరిగి, మట్టి అచ్చు పగలగొట్టాకే బొమ్మ బయటికొస్తుంది. అచ్చం అలాంటిది ఇంకొకటి రాదు. ఆ సంగతీ, 2018లో ఆదిలాబాద్ డోక్రాకు జీఐ గుర్తింపు వచ్చిన సంగతీ ఫొటో కింద రాయండి. ఒకే రోజు పది బొమ్మలు మాత్రం పెట్టకండి. మన బొమ్మలే ఒకదాని ధర ఒకటి తగ్గించుకుంటాయి.