వేయని ఓటు: ఇరాన్ ఎన్నికల చరిత్ర నుంచి

మాస్టారు జీవితమంతా రాజనీతి శాస్త్రం చెప్పారు కనుక ఈ ఏటి స్మారకోపన్యాసానికి ఎన్నికల విషయం తీసుకోమన్నారు నిర్వాహకులు. మన ఎన్నికల సంగతి మీకు నేను చెప్పేదేముంది? అందుకని ఇరాన్ ఎంచుకున్నాను. ఇరాన్ అనగానే మన పత్రికలకు అణు ఒప్పందమో చమురు ధరో గుర్తొస్తుంది. ఓటు వేయడానికి వెళ్లాలా వద్దా అని అక్కడి జనం ఇన్నేళ్లుగా పడుతున్న తర్జనభర్జన మనదాకా రాదు.

ఆ దేశానికి ఓటు కొత్తది కాదు. 1906లోనే రాజ్యాంగ విప్లవం చేసి మజ్లిస్ అనే పార్లమెంటును తెచ్చుకున్నారు. ప్రధాని మొసాద్దెగ్ ప్రభుత్వాన్ని 1953లో అమెరికా, బ్రిటన్ కలిసి కూల్చిన కథ మీరెరిగినదే. నా కథ 1979 మార్చిలో మొదలవుతుంది. రాజు షా వెళ్లిపోయాక ఇస్లామిక్ రిపబ్లిక్ కావాలా వద్దా అని రెఫరెండం పెట్టారు. 98 శాతానికి పైగా కావాలన్నారని ప్రకటించారు. కొత్త రాజ్యం ఆ అంకె మీద నిలబడింది. అప్పటినుంచి ప్రతి ఎన్నికా ఆ రెఫరెండానికి మరో విడత అన్నట్టే నడిపారు. ఎవరు గెలిచారన్నది తర్వాతి మాట, ఎంతమంది క్యూలో నిలబడ్డారన్నది ముందు మాట. పోలింగ్ శాతమే తమకు ప్రజలిచ్చిన యోగ్యతాపత్రమని పాలకులే ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. అలా చెప్పి జనం చేతికి ఏమిచ్చారో వాళ్లకు అప్పట్లో తట్టలేదు.

క్యూలో నిలబడితే ఎవరికి వేయాలి? అక్కడ గార్డియన్ కౌన్సిల్ అని ఒకటుంది. మొత్తం పన్నెండు మంది. ఆరుగురు మతపండితులను దేశ అత్యున్నత నేత అయిన సుప్రీం లీడర్ నియమిస్తారు. మిగతా ఆరుగురు న్యాయకోవిదుల పేర్లు న్యాయవ్యవస్థ అధిపతి పంపితే మజ్లిస్ ఎన్నుకుంటుంది. ఆ అధిపతిని నియమించేదీ సుప్రీం లీడరే. ఎన్నికలను పర్యవేక్షించడమంటే అభ్యర్థుల అర్హతను తేల్చడం కూడానని 1991లో ఈ కౌన్సిల్ తనకు తానే అర్థం చెప్పుకుంది. మన దగ్గర నామినేషన్ల పరిశీలనలో సంతకం లేదనో అఫిడవిట్ లోపమనో కాగితం తిప్పికొడతారు. అక్కడ మనిషినే తిప్పికొడతారు.

1997 అధ్యక్ష ఎన్నికలకు 238 మంది పేర్లిస్తే నలుగురు మిగిలారు. మజ్లిస్ స్పీకర్ నతెగ్ నూరీ గెలుపు ఖాయమనుకున్నారు. అనుకోకుండా సంస్కరణవాది ఖతామీ గెలిచారు. పోలింగ్ దాదాపు 80 శాతం, ఆయనకు పడ్డవి రెండు కోట్ల ఓట్లు. ఆడవాళ్లు, కుర్రకారు తండోపతండాలుగా కదిలారు. కొత్త పత్రికలు పుట్టుకొచ్చాయి. రెండేళ్లు తిరిగేసరికి, 1999 జులైలో, ‘సలాం’ పత్రిక మూసివేతపై నిరసన తెలిపిన టెహ్రాన్ విశ్వవిద్యాలయ విద్యార్థుల హాస్టల్ మీద దాడి జరిగింది. మరుసటేడు మజ్లిస్ సంస్కరణవాదుల చేతికొచ్చింది, ఆ వసంతంలోనే పత్రికలు వరసగా మూతపడ్డాయి. ఖతామీ మంచివాడే. అధికారం మాత్రం ఆయన దగ్గర లేదు.

ఇక్కడ అబ్బాస్ అబ్దీ గురించి చెప్పాలి. 1979లో అమెరికా రాయబార కార్యాలయాన్ని పట్టుకున్న విద్యార్థి నాయకుల్లో ఒకరు. తర్వాత సంస్కరణవాది, పత్రికా రచయిత అయ్యారు. 2002లో ఆయన భాగస్వామిగా ఉన్న సంస్థ ఒక అభిప్రాయ సేకరణ చేస్తే, అమెరికాతో మాట్లాడాలని నూటికి డెబ్భై మందికి పైగా అన్నారు. ఆయన్ను జైల్లో పెట్టారు. అరెస్టు చేసింది నవంబర్ 4న, రాయబార కార్యాలయాన్ని పట్టుకున్న వార్షికోత్సవం నాడు! జనం మనసు అడిగితే జైలయ్యే చోట, జనం మనసు చెప్పే లెక్క ఇంకొకటి కావాలి. అది పోలింగ్ శాతమే అయింది.

2003లో స్థానిక కౌన్సిళ్ల ఎన్నికలు వచ్చాయి. ఇవి గార్డియన్ కౌన్సిల్ పరిధిలోకి రావు, మజ్లిస్ చూసుకుంటుంది. కాబట్టి మిగతా ఎన్నికల్లో గడప తొక్కనివ్వని వాళ్లక్కూడా పోటీకి వీలు దొరికింది. తలుపు బాగా తెరుచుకున్న ఆ ఒక్కసారే టెహ్రాన్ జనం ఇంట్లో కూర్చున్నారు. పోలింగ్ సుమారు 12 శాతం. సంప్రదాయవాదులు నగర కౌన్సిల్‌ను ఊడ్చేశారు, అహ్మదీనెజాద్‌ను మేయర్ చేశారు, ఆయన రెండేళ్లలో దేశాధ్యక్షుడయ్యారు. ఓటు మానేయడం గొప్ప తిరుగుబాటని ఎవరైనా నాతో అంటే నేను ఈ కథ చెబుతాను. 2004లో ఎనభై మందికి పైగా సిట్టింగ్ మజ్లిస్ సభ్యులనే పోటీకి అనర్హులన్నారని ఎదుటివాళ్లు గుర్తుచేస్తే, నా దగ్గరా జవాబుండదు.

2009 అధ్యక్ష ఎన్నికల్లో జనం మళ్లీ నమ్మారు. అక్కడ ఊరివారీ ఓటర్ల జాబితా లేదు, ఏ కేంద్రంలోనైనా వేయొచ్చు. చీటీ మీద అభ్యర్థి పేరు ఓటరే రాయాలి. ‘షెనాస్‌నామె’ అనే గుర్తింపు పుస్తకంలో ముద్ర వేసేవాళ్లు. ఆ ముద్ర లేకపోతే ఉద్యోగానికి అడ్డొస్తుందేమోనన్న భయంతో క్యూలో నిలబడ్డవాళ్లూ తక్కువేం కాదు. జూన్ 12న పోలింగ్ 85 శాతం. అహ్మదీనెజాద్‌కు 62 శాతం ఓట్లని ప్రకటించారు. ప్రత్యర్థి మూసవీ ఒప్పుకోలేదు. ఓటర్లకన్నా ఓట్లు ఎక్కువ పడ్డ పట్టణాలు యాభై ఉన్నాయని గార్డియన్ కౌన్సిలే అంది. అయినా ఫలితం మారదంది. లక్షలాది మంది ఆజాదీ మైదానం దాకా నడిచారు. వాళ్లడిగింది ఒక్కటే: నా ఓటేది? మూసవీనీ, ఆయన భార్య జహ్రా రహ్నవర్ద్‌నూ, మరో అభ్యర్థి కర్రూబీనీ 2011లో ఇంట్లోనే నిర్బంధించారు.

అధ్యక్ష ఎన్నికల్లో రూహానీ 2013లోనూ 2017లోనూ 73 శాతం పోలింగ్‌తో గెలిచారు. ఆశ చచ్చిపోలేదనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు. 2015లో అణు ఒప్పందం కుదిరింది, 2018లో ట్రంప్ చించేశారు. ఇరానీయుల ఓటును బయటివాళ్లూ అలా వృథా చేశారు. అంతకుముందే, 2017 చివర్లో, వీధుల్లో వినిపించిన నినాదంలో సంస్కరణవాదులనూ ఛాందసులనూ ఒకే గాటన కట్టి, మీ కథ ముగిసిందన్నారు. 2019 నవంబర్‌లో పెట్రోలు ధరపై నిరసన చేస్తే ఇంటర్నెట్ ఆపి కాల్పులు జరిపారు.

తర్వాత అంకెలే మాట్లాడాయి. 2020 మజ్లిస్ ఎన్నికల్లో 42 శాతం. 2021లో అధ్యక్షుడిగా రయీసీ గెలిచినప్పుడు 48 శాతం, అందులో రెండో స్థానం ఏ అభ్యర్థికీ రాలేదు, చెల్లని ఓట్లకొచ్చింది: దాదాపు 37 లక్షలు. మనకు నోటా మీట ఉంది, వాళ్లకు లేదు. అందుకే చీటీని పాడుచేశారు. పోలీసుల అదుపులో ఉన్న మహ్సా అమీనీ అనే యువతి మరణంతో 2022లో చెలరేగిన ఉద్యమం తర్వాత, 2024 మార్చిలో మజ్లిస్ ఎన్నికలకు 41 శాతమే వచ్చారు. ఆ రోజు ఖతామీ కూడా ఓటు వేయలేదు.

రయీసీ హెలికాప్టర్ ప్రమాదంలో పోయాక జూన్ 28న జరిగిన అధ్యక్ష ఎన్నికల తొలి విడతలో పోలింగ్ 40 శాతం కూడా దాటలేదు. అమెరికా ఎన్నికల్లో 35, 40 శాతమే ఓటేస్తారంటే అది ఆ దేశానికి సిగ్గుచేటని 2001లో సుప్రీం లీడర్ ఖమేనీ అన్న మాటను జనం తవ్వితీశారు. ఆయన జులై 3న, పోలింగ్ అనుకున్నదానికన్నా తగ్గిందని ఒప్పుకున్నారు. ఓటు వేయనివాళ్లంతా వ్యవస్థకు వ్యతిరేకులనుకోవడం పూర్తిగా తప్పని కూడా అన్నారు. వచ్చినవాళ్లందరినీ తమవాళ్ల కింద రాసుకున్న రాజ్యం, రానివాళ్లను లెక్కలో వేసుకోవద్దని ప్రపంచాన్ని అడిగింది. రెండు రోజుల తర్వాతి రెండో విడతలో ఛాందసవాది జలీలీ వస్తాడన్న భయంతో ఇంకొందరు కదిలారు. సంస్కరణవాదుల అభ్యర్థి పెజెష్కియాన్ గెలిచారు. అప్పుడూ సగంమంది రాలేదు.