భీమునిపట్నపు రాళ్లు – మన ఊళ్ల పేర్లు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఈ సభలో నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినప్పుడు నేను సంకోచించితిని. నేను పండితుడను కాను. ఆటోనగరులో లేతు యంత్రము ముందు నిలిచి ఇనుము చెక్కి జీవించువాడను. అయినను సాయంకాలము పని ముగిసిన పిమ్మట, చేతుల నూనె కడుగుకొని, ఈ గ్రంథాలయపు బల్లమీద కూర్చుండి చదువుకొన్నవాడను. ఆ ఋణము నాపై నున్నది. అసలు తీర్చలేను గనుక, వడ్డీగానైనను ఒక చిన్న ప్రయాణపు సంగతి మీకు విన్నవించుకొందును.

ఇక్కడనే ఒకనాడు లిండ్స్‌బోర్గు అను చిన్న పట్టణమునుగూర్చి చదివితిని. అది అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున కలదు. స్వీడను దేశమునుండి వలసపోయినవారు, ఓలోఫ్ ఓల్సన్ అను మతగురువు నాయకత్వమున, 1869లో దానిని నెలకొల్పిరి. వారి సంతతివారు నేటికిని పూర్వుల పాటలను, నృత్యములను, పిండివంటలను విడువలేదు. స్వీడనులో పిల్లల కొరకు చెక్కెడి రంగుల కొయ్యగుఱ్ఱము ఆ ఊరికి గుర్తుగా వీథులలో నిలిచియున్నది. మన ఏటికొప్పాక లక్కబొమ్మ సముద్రములు దాటిపోయి, ఒక పరాయి ఊరికి ఇంటిపేరైనదనుకొనుడు. అట్టిదే అది.

అది చదివినప్పుడు, పరదేశీయులు వచ్చి దిగిన ఊరు మనకు దగ్గరలో ఒకటి లేదా యని ఆలోచించితిని. లేకేమి? భీమునిపట్నమున్నది. అక్కడకు వచ్చినవారు స్వీడనువారు కారు. డచ్చివారు, అనగా హాలెండు దేశస్థులు. మన పూర్వులు వారిని వలందావారనిరి. మచిలీపట్నములోని వలందపాలెమునకు ఆ పేరు వారివలననే వచ్చినది.

ఒక ఆదివారమున ఇద్దరు తోటి పనివారితో గాజువాకలో బస్సెక్కి, ద్వారకా బస్సు స్టేషనులో మారి, సముద్రపుటొడ్డు దారిని బయలుదేరితిమి. కైలాసగిరి, ఋషికొండ దాటినమీదట కుడివైపున సముద్రము, ఎడమవైపున కొండలు. అందులో తొట్లకొండమీద ఒకప్పుడు బౌద్ధభిక్షువులు నివసించిరి. తరువాత ఎఱ్ఱమట్టి దిబ్బలు. ఆ పిమ్మట గోస్తనీనది సముద్రములో కలియు చోట, నరసింహస్వామి కొండ క్రింద, భీమునిపట్నము. పాత దీపస్తంభము, గడియారపు స్తంభము, చర్చి, పెంకుటిండ్లు, వలలు ఆరవేసుకొను జాలరులు. ఊరు పెద్దది కాదు. 1861లోనే పురపాలక సంఘమేర్పడిన ఈ ఊరు ఇటీవల విశాఖ మహానగరములో కలిసిపోయినది.

డచ్చివారు ఇచ్చటికి ఎందుకు వచ్చిరి? 1602లో వారొక వర్తకసంఘమును స్థాపించుకొనిరి. జావా, సుమత్రా మొదలగు ద్వీపములలో మిరియాలు, లవంగములు, జాజికాయలు దొరకును. కాని అచ్చటివారు వానికి బదులుగా కోరినది వెండి మాత్రమే కాదు. మన తీరపు నూలుబట్టలు. అందుచేత ఆ సంఘమువారు మచిలీపట్నము, పాలకొల్లు, జగన్నాథపురము, భీమునిపట్నము మొదలగుచోట్ల కొట్లు పెట్టిరి. వర్తకులకు బయానా యిచ్చెడివారు. వర్తకులు సాలెవారికి బయానా యిచ్చెడివారు. మగ్గముమీది బట్ట ఓడ నెక్కి ద్వీపములకు పోయి, మిరియాలై ఐరోపాకు చేరెడిది. ఆ వర్తకమునకు చీకటివైపును కలదు. కఱవు వచ్చిన కాలములలో, కోరమండలు తీరమున ఆకలికి అమ్ముడుపోయిన మనుష్యులను బానిసలుగా కొని ఓడలలో బటేవియాకు పంపిరి. ఆ సంగతి దాచి, పాత కట్టడముల సొగసు మాత్రమే చెప్పుకొనుట న్యాయము కాదు.

ఐరోపాలో యుద్ధము పుట్టినప్పుడు ఇచ్చట ఊరి జెండా మారెడిది. ఆంగ్లేయులు దీనిని పట్టుకొనుటయు, సంధి కుదిరినప్పుడు తిరిగి యిచ్చుటయు జరిగినది. తుదకు 1824లో లండనులో ఒక ఒడంబడిక వ్రాసికొనిరి. దాని ప్రకారము హాలెండు భారతదేశములోని తన స్థావరములను వదలుకొనెను. ఆంగ్లేయులు సుమత్రాలోని బెంకూలెనును వారికి వదలిరి. 1825లో భీమునిపట్నము ఆంగ్లేయుల వశమైనది. ఈ మారకములో భీమునిపట్నపు వానినిగాని, బెంకూలెను వానినిగాని ‘నీకిది సమ్మతమా?’ యని అడిగినవాడు లేడు.

వలందావారిలో మిగిలినదేమి? ముఖ్యముగా సమాధులు. పదునేడవ, పదునెనిమిదవ శతాబ్దములనాటి ఆ శ్మశానమును హాలండర్స్ గ్రీన్ అందురు. ఇటుకతోను సున్నముతోను కట్టి, పైకి పోనుపోను సన్నగిల్లిన గోరీలు కొన్ని. నేలమీద పఱచిన రాతిపలకలు కొన్ని. పలకలపై పేర్లు చెక్కియున్నవి. ఉప్పుగాలికి అక్షరములు అరిగిపోవుచున్నవి. నేను ఇనుముమీద అంకెలు చెక్కువాడను గనుక, ఆ చెక్కుడు పనిని వ్రేలితో తడవి చూచితిని. లోతుగా, శ్రద్ధగా చెక్కిన చోట అక్షరము నేటికిని వ్రేలికి తగులుచున్నది.

అప్పుడు నాతో వచ్చినవారిలో చిన్నవాడు, “బావా! ఈ రాళ్లకి పండగనాడు దండేసేటోలు ఎవులూ నేరా?” అని అడిగెను. లిండ్స్‌బోర్గులో పూర్వుల పండుగ చేయుటకు మనుమలున్నారు. ఇక్కడ మనుమలు లేరు. రాతిమీద పేరున్నది గనుక, పరాయివాడైనను చదివి, ఇట్టి మనుష్యుడొకడుండెనని తెలిసికొనుచున్నాడు.

కొంతసేపు ఊరకుండి అతడే మరల ననెను: “మా తాత ఊరు పేరు ఏ రాయిమీదా నేదు బావా.”

అయ్యలారా! ఆ మాట నాకు గుచ్చుకొన్నది. అతని తాతగారి ఊరు నేడు ఉక్కు కర్మాగారపు ప్రహరీ లోపల నున్నది. ఉక్కు కర్మాగారము కొఱకు 1966లో ఆంధ్రులెల్లరు ఉద్యమించిరి, ప్రాణము లిచ్చిరి. 1971లో శంకుస్థాపన జరిగినది. 1992లో కర్మాగారము జాతికి అంకితమైనది. మన ఆటోనగరులో లేతులు తిరుగుటకు ఆ ఉక్కుయు ఒక కారణమే. దానిని నేను కాదనను. కాని దాని కొఱకు 60కి పైగా గ్రామములవారు భూములిచ్చిరి. రామకోవెల, రావిచెట్టు, ఊరబావి, కళ్లములు విడిచి కాలనీలకు వచ్చిరి. ఆ ఊళ్లలో ఏ చెరువు క్రింద ఏ పంట పండెనో, ఏ గ్రామదేవతకు ఏ నెలలో పండుగ జరిగెనో తెలిసిన వృద్ధులు ఒక్కొక్కరే వెళ్లిపోవుచున్నారు.

భీమునిపట్నములోను ఇట్లే జరిగినది. ఆ రేవునుండి ఎగుమతియైన గోగునారకు వర్తకలోకము ఆ ఊరి పేరే పెట్టి ‘బిమ్లీ జూటు’ అనెను. ఊరి పేరు దేశదేశముల లెక్కపుస్తకములకెక్కినది. 1933లో విశాఖలో కొత్త ఓడరేవు తెరచిరి. భీమునిపట్నపు రేవు క్షీణించినది. నార పండించిన రైతు పేరు, మూటలు మోసిన కూలి పేరు, వలందావారికి బట్ట నేసిన సాలెవాని పేరు ఏ రాతిమీదను లేవు. కొన్నవాని పేరు మిగిలినది. చేసినవాని పేరు మిగులలేదు.

అందుచేత ఈ రజతోత్సవమునాడు నాదొక మనవి. ఇరువదియైదు సంవత్సరములుగా మన గ్రంథాలయము ఇతరులు వ్రాసిన పుస్తకములను మనకు చదువనిచ్చినది. 1886లో విశాఖపట్నమున సరస్వతీ నిలయము స్థాపించిన నాటినుండి మన ప్రాంతమున గ్రంథాలయములు చేసిన గొప్ప సేవ అదియే. ఇకమీదట మనము వ్రాసిన పుస్తకమొకటి ఈ బీరువాలో నుండవలెను. గట్టి అట్టగల ఒక పెద్ద నోటుపుస్తకమును నేను కొని తెచ్చితిని. అదిగో, అధ్యక్షులవారి బల్లమీద నున్నది. మీ యింటి పెద్దలను వెంటబెట్టుకొని రండు. విడిచివచ్చిన ఊరి పేరు, వీథుల పేర్లు, చెరువు పేరు, చేసిన వృత్తి, అమ్మమ్మ, నాయనమ్మల పేర్లు వ్రాయించుడు. వ్రాయరానివారు చెప్పినచో నేను వ్రాసెదను. ప్రతి ఆదివారము సాయంకాలము ఇక్కడ కూర్చుందును.

మొదటి పుట నిండియేయున్నది. భీమిలినుండి తిరిగివచ్చిన రాత్రియే, ఆ చిన్నవాడు తన తాతగారి ఊరి పేరు దానిలో వ్రాసెను. అక్షరములు వంకరగా నున్నవి. కాని కలము గట్టిగా నొత్తి వ్రాసినాడు. రెండవ పుట మీ కొఱకు ఖాళీగా నున్నది.