సామాన్యుడగు పూర్వికుడు
(వార్షిక మహాసభయం దొసగిన యుపన్యాసము)



పద్మశాలీలమగు మనము కూడినచోటనెల్ల భావనాఋషిని స్మరింతుము. తెలంగాణమున కూనపులివారు పటము విప్పి మార్కండేయ పురాణమును గానము చేయగా విని యానందింతుము. అది మన కులమునకు భూషణమే. కాని ఆ ఋషికిని మన తాతలకును నడుమ నెన్ని తరములు గడచెను! ఆ తరములయందు మగ్గపు గుంటలో కాళ్లుంచి, నాడె విసరి, సంసారముల నీడ్చినవారెవ్వరు? వారి పేరులు మనలో పదిమందికైన తెలియునా? వారిని గూర్చియే నేడు కొన్ని మాటలు విన్నవించెదను.

రాజులకు శాసనములు గలవు. సామాన్యునకు లెక్కలు గలవు. పన్ను చెల్లించినపుడో, అప్పు చేసినపుడో, ఇల్లు కొనినపుడో, ఊరు విడిచినపుడో అతని పేరు కాగితమున కెక్కును. 1871 మొదలు 1931 వఱకు వెలువడిన జనాభా నివేదికలలో మన కులమునకు అంకె గలదు గాని మనిషికి పేరు లేదు.

మదరాసు రాజధానిలో మగ్గముపై మొతర్ఫా యను పన్ను విధించెడివారు. అది 1861లో తొలగింపబడెను. దాని లెక్కలు నిలిచియున్నచోట, ఏ యూర నెన్ని మగ్గము లాడెనో వానివలన నెఱుగవచ్చును.

మా యింట నొక తాకట్టు పత్రము గలదు. మా ముత్తాత యిల్లు కుదువబెట్టి నూలునకై ఋణము తెచ్చెను. వ్రాత రానివాడు గనుక నిశాని వేసెను. పత్రమునందలి సరిహద్దులలో ఇరుగుపొరుగువారి పేరులున్నవి. వానినిబట్టి యిల్లెచ్చట నుండెనో కనుగొంటిమి. వెనుక ప్రక్కను చెల్లులు వ్రాసియున్నవి. మొదటివి అతని పేర, తరువాతివి కుమారుని పేర నున్నవి. ఆ నడుమనే అతడు గతించెనని మా యూహ. బాకీ తీరినపిదపనే పత్రము మా యింటికి తిరిగివచ్చెను.

అప్పు సంగతి సభలో చెప్పుట గౌరవభంగమని మా బంధువులు కొందఱు వారించిరి. నే నట్లు తలపను. తండ్రి చేసిన బాకీని కొడుకు నేసి తీర్చిన వంశమునకు అంతకంటె గొప్ప బిరుద మేమి కావలెను?

ఇట్టి పత్రములు రిజిస్టరైనవైనచో, వాని నకళ్లు కచ్చేరిలో నుండును. స్థిరాస్తి దస్తావేజుల మొదటి పుస్తకమును, దాని సూచికలను, రుసుము చెల్లించి యెవ్వరైనను చూచుటకు 1908 నాటి చట్టము హక్కొసగినది. ఒక సూచిక పేరులనుబట్టి, వేఱొకటి ఆస్తినిబట్టి యుండును.

ఊరు విడిచినవారి జాడ మఱింత స్పష్టము. మదరాసునుండి తొలి కూలియోడ ‘ట్రూరో’ 1860 నవంబరు 16న నాటాలు చేరెను. 1911 వఱకు ఒకలక్ష యేబదిరెండువేలమందికి పైగా నచ్చటికి పోయిరి. అందు తెలుగువారును గలరు. ఓడ పట్టీలలో తండ్రి పేరు, వయస్సు, గ్రామము, ఒంటిమీది మచ్చలు సైతము వ్రాయబడినవి. స్వగ్రామమున నెవ్వరికిని గుర్తులేనివాని మచ్చ సముద్రము కావల కాగితమున నిలిచినది!

స్త్రీల విషయమున కాగితము లోభి. ఆసు పోసి, కండెలు చుట్టి, సగము పని చేసిన తల్లులు ‘ఫలానావాని భార్య’గానే మిగిలిరి. వారి పేరులు ముసలమ్మల నోటనే యున్నవి. ఆ నోరు మూతపడిన, పేరును పోవును.

కావున నాదొక మనవి. పెద్దలు చెప్పినదానిని చెప్పినవారి పేరుతో, తేదీతో వ్రాసికొనుడు. పత్రమున నున్నది అక్షరము మార్చక యెత్తివ్రాయుడు. ఊహను ఊహయనియే చెప్పుడు. లేని బిరుదములు చేర్చవలదు. ఉన్న పేదఱికము దాచవలదు. షోలాపురము, భీమండి వలసపోయిన శాఖలవారు స్వగ్రామస్థులకు ఉత్తరములు వ్రాయుడు. ఒకరికి తెలియనిది వేఱొకరికి తెలియవచ్చును. వచ్చు మహాసభకు ప్రతి కుటుంబమువారును ఒక్క పూర్వికుని చరిత్రమైనను, ఒక్క పుటయైనను, వ్రాసి తేవలెనని ప్రార్థించుచున్నాను.