నగర కళాజీవనంలో మన వాటా

 

మైనారిటీల హక్కులు అనగానే మన సభలలో రిజర్వేషన్లు, స్కాలర్‌షిప్పులు, వక్ఫ్ భూములు చర్చకు వస్తాయి. అవి రావలసినవే. వాటి సరసన నిలువవలసిన మరొక హక్కును గురించి మాత్రం మనం అరుదుగా మాట్లాడుకుంటాం. తన భాషలో కవిత్వం వినే హక్కు, తన కట్టడాలను తన పిల్లలకు చూపించుకొనే హక్కు, నగరం జరుపుకొనే సంబరాలలో తన పేరుతో పాల్గొనే హక్కు అది. ప్రత్యేకమైన భాష, లిపి, సంస్కృతి గల ఏ పౌర సమూహమైనా వాటిని పరిరక్షించుకోవచ్చునని రాజ్యాంగం 29వ అధికరణం స్పష్టంగా చెబుతున్నది. మన సమ్మిశ్ర సంస్కృతీ వారసత్వాన్ని గౌరవించి కాపాడడం ప్రతి పౌరుని ప్రాథమిక విధి అని 51ఎ అధికరణం చెబుతున్నది. కనుక ఇది మనం మాత్రమే మోయవలసిన బరువు కాదు, నగరమంతా పంచుకోవలసిన బాధ్యత.

హైదరాబాదునే తీసుకుందాం. చార్మినార్‌ను చూడని యాత్రికుడు ఉండడు. దానికి కొద్ది దూరంలోనే, అది వెలసిన కొద్ది సంవత్సరాలకే మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన బాద్‌షాహీ ఆషూర్‌ఖానా ఉన్నది. దాని గోడలపై రంగురంగుల పెంకులతో తీర్చిన ఆలముల ఆకృతులు నాలుగు శతాబ్దాల నాటివి. 1908 మూసీ వరదలో నీట మునిగిన గోడల కింది భాగాన పెంకులు పాడయ్యాయి. ఆ చోట రంగులతో పూత పూశారు. పైభాగాన అసలు పనితనం నేటికీ కనిపిస్తుంది. ఒకే గోడపై కళనూ, దానికి తగిలిన దెబ్బనూ పక్కపక్కన చూడవచ్చు. మన బడి పిల్లలలో ఎందరు ఆ గోడను చూశారు? ఇంటికి ఇంత దగ్గరలో ఉన్న చరిత్రను వారికి ఎవరు చూపించాలి?

ఈ వారసత్వం ఒక్క మతానిది కాదు. ఆషూరా నాడు దబీర్‌పురా నుంచి బీబీ కా ఆలమ్ ఏనుగుపై ఊరేగుతూ వస్తుంటే దారి పొడవునా అన్ని మతాలవారూ నిలిచి దట్టీలు సమర్పిస్తారు. మన పల్లెలలో పీర్ల పండుగ నాడు పీరునెత్తుకొనే వారిలో, గుండం చుట్టూ అలాయి ఆడే వారిలో హిందువులెందరో ఉంటారు. హైదరాబాద్ గజల్ అంటే ముందుగా తలచుకొనే పేర్లలో విఠల్‌రావు గారిది ఒకటి. గాలిబ్ కవిత్వాన్ని 'గాలిబ్ గీతాలు'గా తెలుగువారికి అందించినవారు దాశరథి. సిటీ కళాశాలలో ఉర్దూ బోధించిన మఖ్దూం మొహియుద్దీన్ తెలంగాణ రైతాంగ పోరాటంలో నిలిచారు. 1998లో 'జల్జలా' సంకలనంతో ముస్లిం కవులు తమ బతుకును తెలుగులోనే చెప్పుకున్నారు. ఉర్దూ ఒక ఒడ్డు, తెలుగు మరొక ఒడ్డు అని ఎవరైనా అంటే, ఈ పేర్లే మన జవాబు.

మరి లోపం ఎక్కడ ఉన్నది? మన ముషాయిరాలకు, కవ్వాలీ సభలకు, మిలాద్ సభలకు గోడపత్రికలు చాలావరకు ఉర్దూలోనే వేస్తాం. ఉర్దూ వేయడం మన హక్కు, తప్పక వేయాలి. కాని తెలుగు మాధ్యమంలో, ఇంగ్లీషు మాధ్యమంలో చదివిన మన పిల్లలే ఆ లిపిని చదవలేకపోతున్నారు. ఇక పొరుగింటివారికి ఎలా తెలుస్తుంది? అదే కాగితంపై నాలుగు తెలుగు పంక్తులు చేర్చితే అదనంగా అయ్యే ఖర్చు ఎంత? పరిచయం లేనిచోటే అనుమానం పెరుగుతుంది. పిలుపు అందనివాడు సభకు రాడు. రానివాడికి మన గురించి ఎవరు ఏమి చెబితే అదే నిజమవుతుంది.

రెండవది, స్త్రీల స్థానం. అర్ధరాత్రి దాకా సాగే సభలకు మన ఆడపడుచులు ఎలా రాగలరు? అసర్ తరువాత మొదలుపెట్టి ఇషాలోపు ముగించే సభలు కొన్నైనా ఉండాలి. వారు కూర్చోవడానికి చోటు కల్పిస్తే చాలదు, వేదికపైనా వారికి చోటుండాలి. రెండు శతాబ్దాల క్రిందటే మహ్ లఖా బాయి చందా ఉర్దూ దివాన్ కూర్చిన నగరం ఇది.

మూడవది, కాగితం. ప్రభుత్వ కార్యాలయాలలో దశాబ్దాలు ఫైళ్ల మధ్య గడిపిన మా వంటివారికి బాగా తెలిసిన సంగతి ఒకటున్నది. నోటితో చెప్పిన కోరిక ఆ గది దాటి పోదు. మొహల్లాకు గ్రంథాలయం కావాలన్నా, పాత కట్టడానికి మరమ్మతు కావాలన్నా, ఊరేగింపు దారిలో దీపాలు కావాలన్నా అర్జీ వ్రాయాలి. ఒక అర్జీలో ఒకే విషయం ఉండాలి. ఏ స్థలం, ఏ పని, ఎందరికి ఉపయోగం అన్నది స్పష్టంగా ఉండాలి. నకలుపై ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోవాలి. నెల దాటితే ఆ నంబరు ఉటంకిస్తూ జ్ఞాపిక పంపాలి. అప్పటికీ కదలకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉన్నది. పది రూపాయల రుసుముతో దరఖాస్తు చేసి ఫైలు ఎవరి వద్ద ఉన్నదో అడగవచ్చు. సాధారణంగా 30 రోజులలో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే మరో 30 రోజులలోపు మొదటి అప్పీలు చేయవచ్చు. తెలంగాణలో 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా గుర్తించారు. ఆ గుర్తింపు చట్టం పుటలోనే మిగిలిపోకూడదంటే ఉర్దూలోనూ అర్జీలు పెట్టాలి. అర్జీలే రాకపోతే, ఉర్దూ తెలిసిన ఉద్యోగి అవసరం లేదని వ్రాయడానికి ఏ కార్యాలయానికైనా ఎంతసేపు పడుతుంది?

ప్రభుత్వం చేయవలసినది చేయించుకుంటూనే, మన చేతిలో ఉన్నది మనం చేయాలి. 1931లో డాక్టర్ జోర్ స్థాపించిన ఇదారే అదబియాతే ఉర్దూ వేలాది పుస్తకాలను, వ్రాతప్రతులను సేకరించి కాపాడింది. మన ఇళ్లలో పాత ఉర్దూ పుస్తకాలు, తాతల నాటి బయాజులు ఉండవచ్చు. చదవగలిగినవారు లేరని వాటిని చిత్తుకాగితాలవానికి తూకానికి వేయకండి. ఒక గ్రంథాలయానికి అప్పగించండి.

ప్రతి మస్జిద్ కమిటీకి, ప్రతి యువజన సంఘానికి మా విన్నపం మూడే మాటలు: ఈ ఏడాది ఒక్క సభనైనా రెండు భాషలలో పిలిచి జరపండి, పిల్లలను ఒక్క పాత కట్టడానికైనా తీసుకొని వెళ్లండి, ఒక్క అర్జీనైనా ముగింపు దాకా వెంటాడండి. ఆ మూడింటి వివరాలూ ఒక పుస్తకంలో వ్రాసి పెట్టండి. వచ్చే ఏడాది మనం మళ్లీ కలిసినప్పుడు ప్రసంగాలకు బదులు ఆ పుస్తకాలు తెరిచి చదువుకుందాం.