ఫుట్‌బాలు శిక్షణము - రహీం మాష్టారి బాట



మగ్గమును నమ్ముకొని సూరతు చేరిన తెలుగువారు కలరు. సర్కారు కొలువున బదిలీపై వచ్చినవారును కలరు. వడోదు వంటి వాడలలో పెరుగుచున్న వారి పిల్లలు సాయంకాలమున ఖాళీస్థలము కనబడినచో బంతితో దిగుదురు. ఆ పిల్లవాడే కళాశాలలో చేరి, జట్టులో చోటు సంపాదించి, పోటీలకు పోవలెనన్ననాడు ఇంటిలో తగవు మొదలగును. ‘ఆట కూడు పెట్టునా?’ అని తండ్రి అడుగును. ఈ ప్రశ్నకు సమాధానము సులభము కాదు. కాని ఒక బడిపంతులు తన జీవితముతో దీనికి కొంత బదులు చెప్పియున్నాడు.

ఆయన హైదరాబాదు నివాసియగు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయములో చదువుచు ఆ జట్టులో ఆడెను. పిమ్మట పాఠశాలలలో ఉపాధ్యాయుడయ్యెను. వ్యాయామవిద్యలోను పట్టము పొందెను. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఆయన చేతిలో తీర్చబడి, 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్సు కప్పును గెలిచెను. ఆ ఆటగాండ్రు పోలీసు కొలువులో జీతము తీసికొనుచు ఆడినవారే యని ఈ సభలోని ఉద్యోగులు గమనింతురు గాక.

రహీం శిక్షణలోని కీలకము బలము కాదు, పొదుపు. బంతిని కాళ్ల నడుమ త్రిప్పుచు ఒంటరిగా దూసికొనిపోవుట చూపరులకు ముచ్చటగనుండును. జట్టునకు మాత్రము చాలసార్లు నష్టము. అందుచేత ఆయన డ్రిబ్లింగు నిషేధించిన పోటీలనే ఏర్పరచెను. బంతి అందిన తక్షణమే తోటివానికి అందింపవలయును. అందింపవలెనన్న, బంతి రాకమునుపే తల యెత్తి ఎవడెచట నున్నాడో చూచుకొనియుండవలయును. చూపు మొదట, కాలు తరువాత! ఈ అలవాటు నూరు ఉపన్యాసములతో రాదు. నియమమును బిగించిన ఆటతో వారములలో వచ్చును. అట్లే బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలను సైతము పెట్టెను. కుడికాలి వాటము గలవాడు ఎడమకాలితో తడబడుచున్నప్పుడు ప్రేక్షకులు నవ్వియుందురు. కాని ఒంటికాలి ఆటగానిని ఎదిరిపక్షము రెండు నిమిషములలో పసిగట్టి, ఆ ప్రక్క నుండి త్రోవ మూసివేయును.

1952లో హెల్సింకి ఒలింపిక్సునందు యుగోస్లావియా చేతిలో భారతజట్టు 10-1 తేడాతో ఓడిపోయెను. చలిలో తడినేలపై మనవారిలో పెక్కురు బూట్లు లేకయే ఆడిరి. వట్టికాలి నేర్పును మెచ్చుకొనుట మన దేశమున ఒక మురిపెముగ నుండెను. ఆ మురిపెము ఖరీదు అచట తెలిసినది. పిమ్మట బూట్లు తప్పనిసరి యయ్యెను. ఇంకొక లోపము కాలపరిమితి. ఆ రోజులలో మన దేశీయ పోటీలు తొంబది నిమిషముల కంటె తక్కువ కాలమే సాగుచుండెడివి. కావున అంతర్జాతీయ పోటీ కడపటి భాగమున మన కాళ్లు బరువెక్కెడివి. కళాశాల జట్లకు నేటికిని ఈ చిక్కు తప్పదు. పోటీలకు పదిదినముల ముందు మాత్రమే మైదానమునకు వచ్చు విద్యార్థి మొదటి అర్ధభాగము సింహమువలె ఆడి, రెండవ అర్ధభాగమున నడచును. ఊపిరి నెలలమీద పెరుగునుగాని రోజులమీద పెరుగదు.

వ్యూహము విషయమున రహీం పుస్తకములను, పరదేశపు జట్లను శ్రద్ధగా పరిశీలించెడివాడు. 1953 నవంబరులో హంగేరీ జట్టు ఇంగ్లండును వెంబ్లీలోనే 6-3తో ఓడించినది. అచట సెంటర్ ఫార్వర్డు హిడెకుటి ముందు నిలువక వెనుకకు దిగి ఆడెను. అతనిని కాయవలసిన వెనుకటివాడు వెంటబోవలెనా, నిలువవలెనా తెలియక తికమకపడెను. నలుగురు వెనుక, ఇద్దరు నడుమ, నలుగురు ముందు నిలుచు పద్ధతితో 1958లో బ్రెజిలు ప్రపంచకప్పు గెలిచెను. రహీం ఈ పద్ధతిని భారతజట్టునకు అలవరచెను. ఇందలి బరువంతయు నడుమనున్న ఇద్దరిదే. వారు అలసినచో జట్టు రెండు ముక్కలగును. అందువలన గట్టి ఊపిరి గలవారిని అచట నిలుపవలయును. కళాశాలలో తరచు జరుగునట్లు, మిగిలిపోయినవారిని కాదు.

1956లో మెల్బోర్నునందు భారతజట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించెను. నెవిల్ డిసౌజా మూడు గోళ్లు చేసెను. ఒలింపిక్సు ఫుట్‌బాలులో సెమీఫైనలు చేరిన తొలి ఆసియా జట్టు అదియే. కడకు నాలుగవ స్థానము దక్కెను.

1962లో జకార్తా ఆసియా క్రీడలయందు అసలు పరీక్ష వచ్చెను. మొదటి ఆటలోనే దక్షిణకొరియా 2-0తో మనలను ఓడించినది. థాయిలాండుతో ఆటలో వెనుకటి వరుసకు స్తంభమువంటి జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. ఇక అతనిని పక్కన పెట్టుటయే సహజము. రహీం అట్లు చేయక అతనిని ముందువరుసకు పంపెను. సెమీఫైనలులో దక్షిణ వియత్నాముపై 3-2తో గెలిచిన ఆటలో అతడొక గోలు చేసెను. సెప్టెంబరు 4వ తేదీన ఫైనలు. ఇజ్రాయెలు, తైవానులను ఆహ్వానింపకపోవుటను భారతీయ అధికారి సోంధి ఆక్షేపించుటచే స్థానికులు ఆగ్రహించియుండిరి; మైదానము నిండ మన జట్టుపై కేకలే. ఆ కేకల నడుమ పి. కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగు ఒక గోలు చేసిరి. మొదట ఓడించిన కొరియాపైననే 2-1తో విజయము. గోలు రక్షించినవాడు హైదరాబాదు బిడ్డ పీటర్ తంగరాజు.

అప్పటికే రహీంను ఊపిరితిత్తుల క్యాన్సరు పట్టియుండెను. 1963 జూన్ 11న ఆయన మరణించెను. పిమ్మట ఆసియా క్రీడల ఫుట్‌బాలులో భారతమునకు స్వర్ణము మరల దక్కలేదు. 1970లో బ్యాంకాకునందు కాంస్యము వచ్చినది. 2024లో ఆయన కథతో హిందీ చలనచిత్రము వచ్చినప్పుడు హైదరాబాదు వెలుపలి యువకులలో పెక్కురు ఆ పేరు తొలిసారి వినిరి.

ఇచటి కళాశాలలలో చదువు తెలుగు పిల్లలకు పెద్ద మైదానములు అక్కరలేదు. సూరతు ఎండ తగ్గిన పిమ్మట ఒక గోడ, ఒక బంతి చాలును. అరగంటసేపు అలవాటు లేని కాలితో గోడకు కొట్టి, తిరిగివచ్చిన బంతిని ఒక్క స్పర్శతో అదుపు చేయవలయును. వారమున ఒకదినము డ్రిబ్లింగు లేని ఆట. పరీక్షల నెలలో పరుగు తగ్గింపవచ్చును, మానరాదు. తల్లిదండ్రులు ఆ అరగంటను చదువులోనుండి దొంగిలించినదిగా లెక్కింపకున్న చాలును. మైదానమునకు వచ్చి గట్టుమీద కూర్చుండువారున్నచో మరియు మంచిది. పిల్లవాడు ఎడమకాలితో తడబడినప్పుడు మాత్రము నవ్వకుందురు గాక.